రెండుసార్లు పంచిన మైసూర్‌పాక్

మా నాయన నా గుండె పేరు చెప్పి వీధంతా రెండుసార్లు మైసూర్‌పాక్ పంచాడు. మొదటిసారి అది పెద్దదని, రెండోసారి అది చిన్నదైందని. ఈ రెండు మిఠాయిల మధ్య నా పరుగు పోయింది. దాని సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

తొంభైల చివర్లో మేం కన్నడ నేలమీద, పట్నం శివార్లలోని మహదేవపురలో ఉండేవాళ్లం. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు కాస్త రాగి చేను, కాస్త ఇటుకల కుప్ప. నాయన అనంతపురం వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రి. నేను తొమ్మిదో తరగతి. మా బడి తరఫున మూడు వేల మీటర్లు పరిగెత్తేదాన్ని. వంద మీటర్లకైతే వేగం కావాలి, మేకుల బూట్లు కావాలి. మూడు వేలకు మొండితనం చాలు, అది మా వంశంలో దండిగా ఉంది.

మాకు నేర్పే పీటీ సార్ శాస్త్రజ్ఞానమంతా ఆయన ఈలలోనే ఉండేది. పరిగెత్తేటప్పుడు నీళ్లు తాగితే అవి గుండెలోకి దిగిపోతాయని చెప్పి, మమ్మల్ని ఎండలో మైదానం చుట్టూ తిప్పి, తాను మాత్రం నీడలో కుర్చీ వేసుకుని కాఫీ తాగేవాడు. ఆయన గుండెలోకి ఎంత కాఫీ దిగిందో నాకు తెలియదు.

అయినా జిల్లా పోటీల్లో నేనే మొదట వచ్చాను. దసరా సెలవుల్లో రాష్ట్రస్థాయి పోటీలు. అక్కడ కూడా పరిగెత్తాలని నాకెంత ఆశగా ఉండేదంటే, అన్నం తింటూ కూడా కాళ్లు ఆడించేదాన్ని. వెళ్లేముందు డాక్టరు చూడాలన్నారు. ఆయన నా మణికట్టు పట్టుకుని, గడియారం చూసి, మళ్లీ పట్టుకుని, ఇప్పుడే నిద్ర లేచి వచ్చావా అని అడిగాడు. నాడి అంత నిదానంగా కొట్టుకుంటోందట. ఎక్స్‌రే తీయించమన్నాడు.

మర్నాడు నాయన పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. డాక్టరు ఎక్స్‌రే చూసి కన్నడలో అన్నాడు: "హృదయ స్వల్ప దొడ్డదు. ఓడో మక్కళిగె హీగే ఇరుత్తె, భయ బేడ." గుండె కాస్త పెద్దది, పరిగెత్తే పిల్లలకు ఇలాగే ఉంటుంది, భయం వద్దు అని.

నాయనకు కన్నడ రాదని కాదు. ఇసుక, సిమెంటు, కూలీలు, వాళ్లను తిట్టే తిట్లు, అన్నీ కన్నడలోనే నడిపేవాడు. కానీ హృదయం అనే సరుకు ఆయన పనిలో ఎప్పుడూ తగల్లేదు. మాకు ఒంట్లో కొట్టుకునేది గుండె. హృదయం పాటల్లో, పెళ్లిపత్రికల్లో ఉంటుంది. ఇక హృదయం దొడ్డదంటే అది పొగడ్త కాక మరేమిటి? ఆ తర్వాత డాక్టరు చెప్పిన మాటలేవీ ఆయన చెవికెక్కలేదు. "స్వల్ప" అన్నది మాత్రం విన్నాడు, అది డాక్టరు పిసినారితనమనుకున్నాడు.

సాయంత్రానికి మైసూర్‌పాక్ వచ్చింది. మా పాప హృదయం దొడ్డదంట, డాక్టరే చెప్పినాడని గడప గడపకూ చెప్పి పంచాడు. ఎక్స్‌రేలో మంచితనం కూడా పడతాదా అప్పా అని ఎదురింటాయన అడిగితే, అది పెద్ద మిషనప్పా అన్నాడు. నాకు బడిలో చదివేదే కన్నడ, డాక్టరు మాట నాకు పూర్తిగా అర్థమైంది. కానీ నేను పుట్టి బుద్ధెరిగాక ఇంట్లో మొదటిసారి నన్ను పొగుడుతుంటే అడ్డుపడేంత దొడ్డ హృదయం నాకెక్కడిది?

ఆదివారం పక్కనున్న హూడి నుంచి మా మేనత్త వచ్చింది. ఆమె అక్కడొక నర్సింగ్‌హోమ్‌లో రోగులకు టోకెన్లు ఇచ్చేది. ఇచ్చి ఇచ్చి ముప్పాతిక డాక్టరైపోయింది. మైసూర్‌పాక్ కొరుకుతూనే ఎక్స్‌రేని కిటికీకి పట్టి చూసింది. తలకిందులుగా పట్టిందని నా అనుమానం.

"హృదయం లేదు గిదయం లేదు అన్నా, గుండె! పాపకి గుండె పెద్దదై పోయిండాది. ఇంక పరిగెత్తితే పగుల్తాది."

ఒక్క మాట మారింది, అంతే. హృదయంగా ఉన్నంతసేపు వీధంతా పండగ చేసుకున్నది గుండె అయ్యేసరికి ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. భయం లేదని డాక్టరు చెప్పాడని నేను మొత్తుకున్నాను. ఆయనకేం, నువ్వు ఆయన కన్న బిడ్డవా అంది అత్త. పీటీ సార్ ఇంటికొచ్చి నా తరఫున వాదించాడు. లారీకి పెద్ద ఇంజనుంటే మంచిదే కదా అన్నాడు. రోజూ లారీలతో పడే మా నాయన, పెద్ద ఇంజను లారీలే సార్ బోల్తా పడేది అన్నాడు. సార్ సాయానికి రాకపోయినా బాగుండేది.

పరుగు బంద్. అత్త వైద్యం మొదలైంది. ఉప్పు తగ్గించారు. వెల్లుల్లి పాలు పట్టారు. మెట్లెక్కనివ్వలేదు, నీళ్ల బిందె ముట్టనివ్వలేదు. ఆ బిందె ఒక్కటే నాకు దక్కిన లాభం. దసరాకు జిల్లాలో రెండో స్థానం వచ్చిన పిల్ల నా బదులు వెళ్లింది. ఆ రోజంతా నేను ముసుగు తన్ని పడుకున్నాను. ఇదే అత్త ఇప్పుడు, ఆదివారం పొద్దున డబ్బు కట్టి మరీ పరిగెత్తే సాఫ్ట్‌వేర్ పిల్లల్ని చూపించి, గుండెకు మంచిదంటమ్మే, నువ్వూ పోరాదా అంటోంది. ఏమనాలి ఈమెని?

చలికాలం వెళ్లాక, అత్త వైద్యం పనిచేసిందో లేదో చూపించడానికి నన్ను పట్నంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మ తెలుగావిడే. కొత్త ఎక్స్‌రే తీయించి, గుండెకు స్కానింగ్ చేసి, పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూసింది. రోజూ ఎంత పరిగెత్తేదానివని అడిగింది. ఎప్పుడు మానేశావని అడిగింది. తర్వాత నాయన చేతులకేసి చూసి, తాపీ పట్టే చేతికి కండ పెరగదా, ఇదీ అంతే అంది. ఏళ్ల తరబడి దూరం పరిగెత్తే పిల్లల గుండె కాస్త పెద్దదవుతుంది, ఒక్కో దెబ్బకు ఎక్కువ నెత్తురు తోస్తుంది, అందుకే నిదానంగా కొట్టుకుంటుంది. పరుగు మానితే, ఇదిగో ఇలా, మళ్లీ మామూలుకు వస్తుంది. కొందరు పిల్లల్లో నిజంగానే జబ్బు ఉంటుంది కాబట్టి చూపించడం మంచిదే, కానీ ఈ స్కానింగ్ అప్పుడే చేయించాల్సింది అంది.

"ఈ పిల్లకు జబ్బు ఇప్పుడూ లేదు, అప్పుడూ లేదు."

అత్త వెంటనే వెల్లుల్లి పాల సంగతి ఎత్తింది. డాక్టరమ్మ రెండు ఎక్స్‌రేలూ కవర్లో పెట్టేసింది. నేను నాయన ముఖమే చూస్తున్నాను. ఇప్పుడు అంటాడు, పరిగెత్తుపో అని ఇప్పుడే అంటాడు అనుకున్నాను.

"మళ్లా పెద్దదయితాదా మేడం?" అని అడిగాడు నాయన.

"పరిగెత్తితే అవుతుంది."

నాయన రెండు చేతులూ జోడించాడు. "అయితే వద్దులే మేడం. ఇప్పుడు బాగుండాది."

ఆ సాయంత్రమే రెండో మైసూర్‌పాక్. పాప గుండె చిన్నదైపోయింది, నయమైపోయిందని గడప గడపకూ చెప్పాడు. అదే అంగడి, అదే నెయ్యి వాసన, తిన్నదీ అదే జనం. పెద్దదైతేనేం చిన్నదైతేనేం, వాళ్లకు మైసూర్‌పాక్ అందింది. నేను మాత్రం ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి, మంచం కింద నుంచి నా కాన్వాస్ బూట్లు లాగి దుమ్ము దులిపాను. ఎవరేమన్నా సరే, మైదానానికి పోవాలనే. పాదం సగం కూడా పట్టలేదు. నా ఒంట్లో ఎదగనిచ్చినవి కాళ్లొక్కటే, అవి ఊరికే కూర్చున్నా ఎదిగాయి. నేను మడమ కుక్కుతుంటే నాయన గుమ్మంలోంచి చూశాడు. ఒక్క మాట తిట్టలేదు. "పట్టల్యా? కొత్తవి కొందాం, పా అమ్మా" అన్నాడు.

నా చిన్న గుండె ఎంత దడదడలాడిందో చెప్పలేను. సైకిల్ వెనక కూర్చుని అంగడి దాకా ఆయన నడుం గట్టిగా పట్టుకున్నాను. నాయన బేరమాడకుండా ఖరీదైన జతే తీయించాడు. నల్లవి, యూనిఫాం మీద వేసుకునేవి. తనే కింద కూర్చుని లేసులు కట్టాడు. బొటనవేలు దగ్గర నొక్కి చూసి, నడిచేదానికి బాగుండాయా అని అడిగాడు.

నడవడానికి బాగానే ఉన్నాయన్నాను.