ఔటై కూర్చున్నవాళ్ల మార్కులు

పోయిన శనివారం మధ్యాహ్నం, కాలు బెణికి పట్టీ వేయించుకుని ఇంట్లో కూర్చున్న మా మనవరాలు టీవీలో ఏదో కొత్త ఆట పెట్టింది. ఆస్ట్రేలియావాళ్ల ఫుట్‌బాలట. బంతి చూస్తే గుండ్రంగా లేదు, కోడిగుడ్డును సాగదీసినట్టుంది. మైదానమేమో మా మన్సూరాబాద్ కాలనీ సగం పట్టేంత ఉంది. ఒకడి వీపు మీద ఇంకొకడు మోకాలు పెట్టి ఎగిరి బంతిని అందుకుంటే, వాణ్ని తిట్టడం మాని జనమంతా చప్పట్లు కొడుతున్నారు. రెండు కొసల్లోనూ నాలుగేసి స్తంభాలు పాతారు, నడిమి రెండింటి మధ్య నుంచి తంతే ఎక్కువ పాయింట్లు, పక్కసందుల్లోంచి పోతే ఒక్కటేనని మనవరాలు చెప్పింది. ఆట నాకు తొందరగానే అర్థమైంది. ఏళ్ల తరబడి కబడ్డీ చూసిన కళ్లకు ఏ ఆటైనా అర్థమవుతుంది, ఇది గొప్పకు చెప్పే మాట కాదు.

ఆట ముగిశాక కోట్లు వేసుకున్న నలుగురు బల్ల ముందు కూర్చుని ఒక్కొక్క ఆటగాడికి పదికి ఇన్ని అని మార్కులు వేసుకుంటూ పోయారు. ఆ తరువాత ఓడిన జట్టు కోచ్‌ను ఉంచాలా, పంపేయాలా అని చాలాసేపు వాదించుకున్నారు. నాకు మాత్రం ఆట నడుమ చూసిన ఒక ఆటగాడు కళ్లలోంచి పోలేదు. అతన్ని బయటికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టారు. మెడ చుట్టూ తువ్వాలు వేసుకుని, పక్కవాడి మోచేయి పట్టుకుని గుంజి, మైదానంలో ఎవరినో వేలితో చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. టీవీవాళ్లు ఒక్క క్షణం చూపించి వదిలేశారు. అతనికెన్ని మార్కులు వేశారని నేనడిగితే మనవరాలు నవ్వింది.

"కూసున్నందుకు మార్కులెవరిస్తరు అమ్మమ్మా?"

నేను తొమ్మిది వేశాను. ఎందుకు వేశానో చెప్పాలంటే మా సరూర్‌నగర్ రోజులకు పోవాలి, నా ఈడువాళ్లకైతే ఆ రోజులు చెప్పగానే కళ్ల ముందుకు వస్తాయి.

అప్పట్లో మేము నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర లారీల మెకానిక్కు. నేను చీరలకు ఫాల్ కుట్టేదాన్ని. మా బావగారి కుటుంబం అదే గల్లీలో నాలుగిళ్లవతల ఉండేది, గల్లీ కొసన ఇళ్లు లేని ఒక ఖాళీ జాగా ఉండేది. సాయంత్రమైతే అక్కడ ఆడపిల్లలు కబడ్డీ ఆడేవాళ్లు. మా చిన్నకూతురు ఆడేది, బావగారి బిడ్డ ఆడేది, చంపాపేట నుంచి కూడా కొందరు నడిచి వచ్చేవాళ్లు. వాళ్లకు ఆట నేర్పింది కోస్తా నుంచి వచ్చిన ఒక టీచరమ్మ. ఆమె భర్త దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలకు కోచింగ్ చెప్పే చోట లెక్కల మాస్టారు. ఆమె తన చిన్నతనంలో గట్టిగా కబడ్డీ ఆడిందట. మోకాలి మీద పాత గాయం మచ్చ ఉండేది, ఆ మచ్చే ఆమె సర్టిఫికెట్ అని మా ఆయన అనేవాడు. ఆమె "రండమ్మా, అలా కాదండీ" అంటుంటే మా పిల్లలు మొదట్లో వెనక నుంచి ఆమె మాటను అనుకరించి నవ్వుకునేవాళ్లు, తరువాత వాళ్లకు తెలియకుండానే వాళ్ల నోట కూడా ఆ "అలాగే"లు దొర్లడం మొదలైంది, ఇళ్లల్లో మేము నవ్వుకున్నాం.

నేను ఒళ్లో చీర పెట్టుకుని, సూది ఆడిస్తూ, ఆట జాగా చుట్టూ కట్టిన తాడు పక్కన కూర్చుని రోజూ ఆట చూసేదాన్ని. గల్లీలో తల్లులందరికీ పిల్లల ఆట బేరీజు వేయడానికి ఒకటే కొలత ఉండేది, కూతకు పోయి ఎన్ని పాయింట్లు తెచ్చిందనేది. ఆ కొలతలో మా బావగారి బిడ్డే మహారాణి. పాము మెలిక తిరిగినట్టు తిరిగి, నలుగురి నడుమ నుంచి గీత ముట్టేది. మా తోటికోడలు, అంటే దాని తల్లి, ఆ పిల్ల కూతకు పోతుంటే లేచి నిలబడేది, వచ్చేదాకా కూర్చునేది కాదు. మూలన నిలబడి కాళ్లు పట్టే మా చిన్నదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు.

టీచరమ్మ కొలత వేరు. కబడ్డీలో ఔటైనవాళ్లు గీత అవతల వరసగా కూర్చుంటారు, తమవాళ్లు పాయింటు తెస్తే ముందు కూర్చున్నవాళ్లు ముందు లేస్తారు. మేమంతా ఆడేవాళ్లను చూస్తుంటే టీచరమ్మ తల తిప్పి ఆ కూర్చున్నవాళ్లను చూసేది. ఒక పిల్ల మోకాళ్లలో ముఖం దాచుకునేది, ఒకతె జడ విప్పి మళ్లీ అల్లుకునేది, ఒకతె తాడు అవతల ఉన్న తల్లి కోసం వెతుక్కునేది. మళ్లీ లేచే ముందు ఆమె ఆ పిల్లను ఒకే ప్రశ్న అడిగేది, అవతలి జట్టులో ఫలానా పిల్ల దూకే ముందు ఏం చేస్తోందని. చెప్పగలిగితే ఆటలోకి, చెప్పలేకపోతే బయటికి. ఇదేం పద్ధతని నేనొకసారి అడిగితే, ఆడేటప్పుడు ఒళ్లు ఆడుతుందండీ, మనిషి ఎలాంటిదో కూర్చున్నప్పుడే తెలుస్తుంది అంది. నాకది నచ్చింది. ఆ తరువాత నేను కూడా ఆటను అట్లనే చూడటం మొదలుపెట్టాను.

ఆ ఏడు ఎల్బీనగర్ అవతలి జట్టుతో, వాళ్ల మైదానంలోనే పోటీ పడ్డారు. పాయింట్లు సరిసమానంగా నడుస్తుండగా బావగారి బిడ్డ కూతకు పోయి అవతలి జట్టు మూలపిల్ల చేతికి చిక్కి ఔటయ్యింది. వచ్చి కూర్చుని, ఆటకు వీపు తిప్పి, తల్లి వైపు చూసి ఏడుపు. కాసేపటికి మనవాళ్లు పాయింటు తెచ్చారు, దాని వంతు వచ్చి లేచింది. టీచరమ్మ దగ్గరికి పిలిచి ఆ మూలపిల్ల దూకే ముందు ఏ కాలు కదుపుతోందని అడిగింది. పిల్ల చెప్పలేకపోయింది. దాన్ని బయటే కూర్చోబెట్టి, బక్కగా ఉండే ఇంకో పిల్లను దింపింది. చివరికి కొద్దిలో ఓడిపోయాం.

తిరుగు బస్సులోనే మొదలైంది. మా తోటికోడలు కిటికీ వైపు తిరిగి, బస్సంతా వినేటట్టు నాతో అంది:

"గామె మన పిల్లను కావాలెననే కూసోవెట్టింది చెల్లె. గీ గల్లీల మన పిల్ల పేరు మోగుతుంటే ఆమెకు కండ్లు మండుతున్నయ్."

మర్నాడు బావగారింటి అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. కొందరు టీచరమ్మ మనది కాని ఊరి మనిషన్నారు, కొందరు ఓడించింది కాబట్టి పోవాలన్నారు, మా ఆయన మాత్రం ఇంజను ఆగిందని డ్రైవర్‌ను మారిస్తే బండి కదలదని గొణిగాడు, ఎవరూ పట్టించుకోలేదు. బావగారు గల్లీకి పెద్దదిక్కు. ఆ ఖాళీ జాగా యజమానితో మాట్లాడి పిల్లలను ఆడుకోనిచ్చేది కూడా ఆయనే, కాబట్టి ఆయన మాటే మాట. అదే జట్టు మన దగ్గరికి వచ్చి మళ్లీ ఆడాల్సిన పోటీ ఒకటుంది, ఆ ఒక్క ఆటకు టీచరమ్మను పక్కన పెట్టి చూద్దామన్నాడు. పిల్లలను నడిపించే పని మా తోటికోడలి తమ్ముడికి అప్పగించారు. కసరత్తు చేసి కండలు పెంచిన పిల్లవాడు, కబడ్డీ సంగతి అంతంతే, మెడలో విజిలు మాత్రం మెరుస్తుండేది.

నా భయమల్లా ఒకటే. టీచరమ్మ పోతే మా చిన్నదాని ఆట కూడా పోతుంది. కాళ్లు పట్టే పిల్లలో ఏదో ఉందని ఆ గల్లీలో చూసిన మనిషి ఆమె ఒక్కతే.

పోటీనాడు ఆమె రాదనే అందరూ అనుకున్నారు. వచ్చింది. పిల్లల దగ్గరికి పోలేదు, పెద్దలకు నమస్కారం పెట్టి, తిన్నగా వచ్చి తాడు పక్కన నా దగ్గర కూర్చుంది. నా ఒళ్లో చీర జారిపోతుంటే ఇంకో కొస తాను పట్టుకుంది. నేను ఆ రోజు ఆట కంటే ఆమెనే ఎక్కువ చూశాను. ఔటై కూర్చున్న మనిషి ఇప్పుడు ఆమే కదా. ముఖం దాచుకుంటుందా, ఎవరైనా జాలిపడతారేమోనని చుట్టూ చూస్తుందా, మనవాళ్లు ఓడితే బాగుండునని పెదవి బిగిస్తుందా అని చూశాను. ఏదీ లేదు. చీర కొస వదలకుండా, అవతలి మూలపిల్ల కాళ్ల మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. అరవలేదు, సైగ చేయలేదు.

నడుమలో బావగారి బిడ్డ మళ్లీ చిక్కి ఔటయ్యింది. కూర్చుంది. అలవాటు ప్రకారం తల్లి కోసం తాడు వైపు చూడబోయి, నా పక్కన టీచరమ్మను చూసింది. టీచరమ్మ దాన్ని చూడటం లేదు. ఎక్కడ చూస్తోందోనని పిల్ల కూడా అటే చూసింది. చాలాసేపు చూసింది. లేచే వంతు వచ్చేలోపు గీత దగ్గరగా జరిగి, ఆడుతున్న మా చిన్నదానికి మెల్లగా ఏదో చెప్పింది. ఆ తరువాత కూతకు పోయినప్పుడు, మూలపిల్ల ఎడమ మడమ ఎత్తడం చూసి పక్కకు తప్పుకుని, ఆమె భుజం తాకి, నవ్వుకుంటూ గీత దాటి వచ్చింది. గెలిచాం.

గెలవడంతో అసలు చిక్కు వచ్చి పడింది. మా తోటికోడలు తమ్ముడి మెడలో బంతిపూల దండ వేసింది. విజిలు పిల్లవాణ్ని ఎత్తుకున్నారు కూడా. ఆ సాయంత్రం, ఇక టీచరమ్మకు సెలవేనని బావగారి అరుగు మీద మాట తేలిపోతున్నప్పుడు, ఆడవాళ్లం గడప లోపల నుంచి వినడమే ఆనవాయితీగా ఉన్న ఆ ఇంట్లో, నేను గడప దాటి బయటికి వచ్చాను.

"బావా, గెలిచినోళ్లకు, ఓడినోళ్లకు మార్కులు ఎవరైనా ఏస్తరు. ఆమెను మీరు ఔట్ చేసిన్రు. ఔటై కూసున్నప్పుడు ఆమె ఏం చేసిందో మీరెవరన్న చూసిన్రా? నేను చూసిన."

చూసింది చూసినట్టు చెప్పాను. తోటికోడలు, చూపులతో ఆట గెలుస్తారా, ఇంక పోలేరమ్మకు కోడిని కోసినట్టు ఆమె చూపుకు కోస్తాం తియ్యి అని ఎగతాళి చేసింది. అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. అప్పుడు వాకిట్లో నిలబడ్డ బావగారి బిడ్డ నోరు విప్పింది.

"మామ విజిలు ఊదిండు, గంతేనమ్మా. నేను మేడమ్ చూసిన దిక్కు చూసిన."

ఆ మాటతో అరుగు చల్లబడింది. మేనమామ తనే దండ తీసి గుంజకు తగిలించాడు. పాపం, మంచి పిల్లవాడు. బావగారు నా వైపు తిరిగి, నువ్వే పోయి పిలుచుకురమ్మన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్లది మేడ మీది గది. నేను వెళ్లేసరికి టీచరమ్మ గోంగూర ఒలుస్తోంది. ఎవరేమన్నారని అడగలేదు, ఎవరు తన పక్షం మాట్లాడారని అడగలేదు. బక్కపిల్ల కూత చివరలో ఊపిరి తెగుతోందని, మా చిన్నదాని పట్టు గట్టిపడిందని చెప్పింది. వెళ్లొస్తానని లేస్తుంటే మాత్రం నవ్వి అంది:

"విజిలు ఆయన్నే ఊదమనండి. నాకు ఊపిరి తక్కువ."

ఆ జోడీ చాలాకాలం నడిచింది, ఆయన విజిలు, ఆమె చూపు. మాస్టారికి వేరే ఊళ్లో పని దొరికి వాళ్లు వెళ్లిపోయినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది మా తోటికోడలే. ఆ ఖాళీ జాగాలో ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది, అందులోనే పోయిన మాఘంలో ఒక పెళ్లికి వెళ్లి, మా చిన్నది నిలబడిన మూల ఎక్కడుంటుందా అని వెతికితే అక్కడ ఐస్‌క్రీమ్ బల్ల ఉంది. ఎల్బీనగర్ చౌరస్తాలో మా ఆయన పని చేసిన చోటు మెట్రో నీడలో పడిపోయింది. ఆయన పోయాక, కళ్లు సూదికి ఆనక, నేను కూడా గీత అవతల కూర్చున్నదాన్నయ్యాను. ఆ కూర్చున్న కాలంలోనే, కాలనీలో సాయంత్రం బడి పెడితే వెళ్లి, అరవై దాటిన వేళ్లతో అక్షరాలు దిద్దుకున్నాను. ఇప్పుడు పేపరు వస్తే ఆటల పేజీ ముందు చదువుతాను.

ఇప్పటి ఆటల్లో అన్నిటికీ లెక్కలున్నాయి, ఎవరెంత పరుగెత్తారో, ఎవరి గుండె ఎంత కొట్టుకుందో కూడా చెబుతారు. మంచిదే. తాడు మాత్రం లేదు, తాడు పక్కన చీర కొస పట్టుకుని కూర్చునే మనిషీ లేదు. మనవరాలు పట్టీ వేసిన కాలు స్టూలు మీద పెట్టుకుని మళ్లీ అదే ఆట చూస్తోంది, బంతిని కాక ఎవరి కాళ్లనో చూస్తున్నట్టుంది, దానికి ఏమీ చెప్పకుండా నేను పక్కన కూర్చున్నాను. టీచరమ్మ ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో తెలియదు. ఉన్న ఊరు తెలిస్తే, ఈ నాలుగు పేజీలు నా చేత్తోనే రాశానని చూపించి, కూర్చున్నప్పుడు నేనేం చేశానో చెప్పి, ఎన్ని మార్కులు వేస్తుందో అడిగేదాన్ని.