ఆపా కత్తిరించిన పాయ

"పార్లర్ ఆపా పోయిందంట బిడ్డా. రాత్రి దవాఖానలనే," అని అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు తల దువ్వుకుంటున్నాను. చెయ్యి దానంతటదే మెడ వెనక్కి పోయింది. అక్కడ ఒక పాయ మిగతా జుట్టు కంటే పొట్టి. అది నిరుడు ఆపా కత్తిరించింది.

జహీరాబాద్‌లో మా సందు చివర, టైలర్ దుకాణం పైన ఉండేది ఆపా పార్లర్. సందులో అందరికీ ఆమె ఆపా, అంటే అక్క. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. పట్టా ఫోటో కోసం అమ్మ ముందే గోడకు మేకు కొట్టించింది. ఆ ఫోటోలో బాగుండాలని ఆపాతో పర్మింగ్ చేయించుకుని జుట్టు రింగులు తిప్పించాను. మరునాడే రంగు వెయ్యమని వెళ్లాను.

"వద్దు బేటా. రెండు వారాలు ఆగు."

"ఎందుకు ఆపా?"

ఎందుకని అడిగితే ఆపాకు భలే ఇష్టం. కుర్చీ దగ్గరికి లాక్కుంది. "రింగుల మందు వెంట్రుకను మెత్తగ చేసి మల్ల బిగిస్తది. అదింక అలసటలనే ఉన్నది. మీదికెల్లి రంగేస్తే ఎట్ల తట్టుకుంటది? రింగులు గూడ సడలిపోతయి."

"ఎల్లుండే ఫోటో ఆపా."

"ఫోటోల నెత్తి మీద వెంట్రుకలు ఉండాల్నా, వద్దా?"

నేను లేవలేదు. "సరే, అడుగుదాం," అంది. నన్ను కాదు, నా జుట్టును. మెడ దగ్గర లోపలి పాయ ఒకటి సగానికి కత్తిరించి, ఆ ముక్కకు రంగు పూసింది. కడిగి, ఆరాక నా చేతిలో పెట్టింది. "గుంజు."

గుంజాను. కొబ్బరి పీచులా గరగరలాడి పుటుక్కున తెగింది. కిటికీ వెలుగులో ఇద్దరం దాన్ని చాలాసేపు చూశాం.

ఫోటో నల్ల జుట్టుతోనే దిగాను. రెండు వారాలయ్యాక ఇంకో చిన్న పాయను 'అడిగితే', అది సాగి మళ్లీ చుట్టుకుంది. ముందురోజే చెవి వెనక రంగు చుక్క పెట్టి దురద లేదని చూసుకుని, అమ్మోనియా లేని ముదురు గోధుమ రంగు వేసింది.

ఆపా తల మీది చున్నీ ఎప్పుడూ జారేది కాదు. "మీరు ఏ రంగు వేసుకుంటరు ఆపా?" అని ఆరోజు అడిగాను. చున్నీ కొంచెం జరిపింది. పూర్తిగా తెల్లటి జుట్టు. "నాకు పడది బేటా. చెవెనకనే తెలిసిపోయింది," అని నవ్వింది.

ఫోన్ పెట్టేశాక జడ అల్లుకున్నాను. పొట్టి పాయ జడకు అందలేదు. కుదురు దగ్గర తిన్నగా పెరిగింది కానీ కొసన ఆపా తిప్పిన రింగు ఒకటి మిగిలే ఉంది. వేలితో గుంజి వదిలాను. మళ్లీ చుట్టుకుంది.