తోక నుంచి చదివిన కుక్క కథ

నేను ఎం.ఏ. ఇంగ్లీషు. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే తర్వాత చెబితే ఎవరూ నమ్మరు.

రాష్ట్రం రెండుగా చీలిన కొత్తలో గిద్దలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. ఆ ఏడాది పాత కాగితాల దుకాణంలో ఎక్కడ చూసినా పాత రాష్ట్రం మ్యాపులే. బళ్ళన్నీ గోడల మీంచి పీకి తూకానికి వేసేశాయి. మా స్కూలు మ్యాపులు వేసి రమ్మని నన్ను పంపారు. వేసి ఊరికే రావచ్చు కదా, మూలనున్న మూటలో చెయ్యి పెట్టాను. అట్టలు ఊడిపోయి, ముందూ వెనకా కొన్ని కాగితాలు లేని లావుపాటి బొమ్మల కథల పుస్తకం దొరికింది. జపాను వాళ్ళది, ఇంగ్లీషులోకి తెచ్చింది. ఇలాంటివాటిని మాంగా అంటారని నాకు తెలుసు. వాటిని కుడి పక్క నుంచి మొదలుపెట్టి ఎడమకు చదవాలని మాత్రం తెలియదు. చెప్పేవాళ్ళూ లేరు. నా చేతిలో ఉన్నది మీటల ఫోను, టైము తప్ప ఏమీ చెప్పదు.

అన్ని పుస్తకాలు తెరిచినట్టే దాన్నీ తెరిచి, మ్యాపుల కట్ట మీద కూర్చుని చదివాను. మొదటి బొమ్మలో సముద్రం ఒడ్డున ఒక ముసలాయన, చేతిలో కుక్క మెడపట్టీ. తర్వాత చాప మీద కళ్ళు మూసుకున్న కుక్క. కాసేపటికి కుక్క కళ్ళు తెరుస్తుంది, గిన్నెలో నీళ్ళు నాకుతుంది, కుంటుతూ నడుస్తుంది, తర్వాత పరుగే పరుగు. పేజీలు తిప్పేకొద్దీ దాని వయసు తగ్గుతుంది, ఆయన వయసూ తగ్గుతుంది. నాకు ఒళ్ళు పులకరించింది. చివరికి అది గుప్పెడంత పిల్ల అయ్యాక, ఆ మనిషి గొడుగు పట్టుకుని వచ్చి దాన్ని వానలో ఒక అట్టపెట్టెలో పెడతాడు. ఆఖరి బొమ్మలో గొడుగూ లేదు, మనిషీ లేడు. వాన, పెట్టె, అంతే.

నాకు ఎంత కోపం వచ్చిందంటే, దుకాణంలోనే పైకి తిట్టాను. చావబోయేదాన్ని బతికించుకుని, పసిదాన్ని చేసుకుని, నడి వానలో వదిలేసి పోతాడా? వాడి గొడుగు గాలికి పోను, వాడి మెతుక్కి ఉప్పు పుట్టకపోను! తూకం వేస్తున్న దుకాణం అతను, తననే అనుకుని రాళ్ళు మళ్ళీ సరిచూసుకున్నాడు.

అనుమానం రాలేదా అంటే, వచ్చింది. నా చదువు దాన్ని తొక్కేసింది. పేజీల నంబర్లు నూటతొంభై నుంచి కిందికి దిగుతుంటే, రాకెట్టు వదిలే ముందు లెక్కపెట్టినట్టు ఏదో ముంచుకొస్తోందని సూచన అనుకున్నాను. "బాగానే ఉన్నాను" అని ఒకడు అన్నాక రెండోవాడు "ఎలా ఉన్నావు?" అంటాడు. జపాను వాళ్ళు ఎంత మర్యాదస్తులు, అడిగించుకోకుండానే చెబుతారు అనుకున్నాను. ఈ ముక్క స్టాఫ్ రూములో కూడా చెప్పాను. లెక్కల మాస్టారు తల ఊపారు. ఆయన ఎప్పుడూ ఊపుతారు.

అక్కడి నుంచి నాకు సేకరణ పిచ్చి పట్టింది. దుకాణం అతను మూట వస్తే నాకోసం పక్కన పెట్టేవాడు. ఒకసారి మిరపకాయ బజ్జీల పొట్లం విప్పితే కాగితం మీద గ్లవ్స్ తొడుక్కున్న పిడికిలి కనిపించింది. బజ్జీలు వదిలేసి బండి మీద పడ్డాను, తొంభై పేజీలు దక్కాయి. అందులో కప్పు గెలిచినవాడు కప్పు తిరిగి ఇచ్చేసి, కొట్టి పడేసిన వాళ్ళందర్నీ ఒక్కొక్క గుద్దుతో లేపి, చివరికి బడికి పోయి బుద్ధిగా కూర్చుంటాడు. ఇంతకు మించిన వైరాగ్యం ఉందా? ఇంకోదాంట్లో వంటాయన ఘుమఘుమలాడే కూరను తిరిగి ముక్కలుగా, ముక్కల్ని కాయలుగా మార్చి, కాయల్ని మొక్కకు అతికిస్తాడు. అదైతే ఉపనిషత్తే అని తేల్చేశాను. అలా ఏడు పుస్తకాలయ్యాయి. ఏడూ చదివింది అదే పక్క నుంచి.

ఆదివారం వస్తే ఆటో ఎక్కి రాచర్ల అవతల అవ్వ దగ్గరికి పోయేదాన్ని. మా నాయనను కన్నతల్లి. మేకలు కాసుకుంటూ ఒక్కతే ఉండేది. అక్షరం ముక్క రాదు. ఆమెకు తోడు ఒక కుక్క, ఎర్రది, మూతి మాత్రం నెరిసింది. అవ్వకు కుక్క కథ చూపించి, తెలుగులో చెప్పాను. ఆమెకు ఎంత నచ్చిందంటే, వారం వారం అదే చెప్పమనేది. నేను వానలో పెట్టె దగ్గరికి వచ్చి వాడి గొడుగునూ వాడి ఏడు తరాలనూ తిట్టడం మొదలుపెడితే, అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొట్ట పట్టుకునేది. నా బాధలో పాలుపంచుకుంటోంది అనుకున్నాను.

ఆ ఎండాకాలం అవ్వ కుక్కకు జబ్బు చేసింది. తిండి మానేసి, దొడ్డి పక్కన గోనెపట్టా మీద పడుకుంది. మేకలు బయలుదేరినా తల ఎత్తలేదు.

"పుస్తకంలో కుక్క లేచింది గదా అవ్వా. మనది గూడా లేస్తది చూడు," అన్నాను.

అవ్వ నా మొహం చూసి, "లేస్తదిలే పాపా," అంది. ఆ మాటతో నాకే ధైర్యం వచ్చింది.

ఆ వారమే నా ఏడు పుస్తకాలకూ అట్టలు వేయించాను. మా ఊళ్ళో స్కూలు రిజిస్టర్లకూ, పిల్లల ఉర్దూ పుస్తకాలకూ అట్టలు వేసేది ఒక్కడే, బైండింగ్ తాత. తీసుకుందామని పోయి చూద్దును కదా, పేరు రాసిచ్చిన చీటీలు ఏడింటికీ వెనక అట్ట మీద అంటించి ఉన్నాయి.

"ఏంది తాతా ఇది? చీటీలన్నీ వెనకపక్క అంటించినావు!"

"వెనక యాడుందమ్మా? అదే ముందు."

"నేను ఎం.ఏ. చదివినా తాతా!"

"చదివితే చదివినావులే. తొమ్మిదో పేజీ యా పక్కనుందో చూడు. తొమ్మిది ముందొస్తదా, నూటతొంభై ముందొస్తదా? మా ఉర్దూ బుక్కులు ఇట్లనే ఉంటాయి. ఇదిగూడా అట్లదేనని వేసినా."

పేజీల నంబర్లు చూశాను. కుక్క పుస్తకం తీసుకుని, ఆయన ముందన్న పక్క నుంచి తెరిచాను. వానలో పెట్టె. తర్వాత గొడుగు పట్టుకుని ఒక మనిషి వస్తాడు. వంగి పిల్లను ఎత్తుకుంటాడు. "ఎలా ఉన్నావు?" అని ఒకరు అడిగితే ఇంకొకరు బదులు చెబుతారు. కుక్క పెరుగుతుంది, పరిగెత్తుతుంది, కుంటుతుంది, పడుకుంటుంది. ఆయన దాని పక్కనే కూర్చుంటాడు, చివరిదాకా లేవడు. ఏడాది పొడుగునా నేను తిట్టిన మనిషి!

దుకాణంలో నిలబడి భోరుమన్నాను. తాత కంగారు పడిపోయాడు. "అంత బాధైతే వద్దులే తల్లీ, చీటీలు పీకి ఆ పక్కనే అంటిస్తా!"

ఇంటికొచ్చి మిగతా ఆరూ తిరగేసి చదివాను. నా అభిప్రాయాలన్నీ కుప్పకూలాయి. ఉపనిషత్తు కాస్తా వంకాయ కూర చేసే విధానం అయింది. కప్పు తిరిగిచ్చిన విరాగి కష్టపడి కప్పు గెలిచాడు. కష్టపడటం, గెలవడం, ఈ మాత్రం దానికి జపాను దాకా పోవాలా? మా స్కూలు వార్షికోత్సవంలో ఏటా చెప్పే కథే. ఒక్క కుక్క కథే మిగిలింది. దాన్ని మాత్రం మళ్ళీ మళ్ళీ చదివాను.

కానీ అవ్వకు ఏమని చెప్పాలి? లేస్తుందని మాట ఇచ్చి వచ్చాను. ఆటోలో దారి పొడుగునా అబద్ధమే చెబుదామా, నిజం చెబుదామా అని కొట్టుమిట్టాడాను. నా పక్కన ఒళ్ళో మేకపిల్లతో కూర్చున్నావిడ, నా వాలకం చూసి కొంచెం జరిగి కూర్చుంది.

అవ్వ గోనెపట్టా పక్కనే కూర్చుని అలసందలు వలుస్తోంది. కుక్క అలాగే ఉంది, డొక్క మాత్రం మెల్లగా ఎగిసిపడుతోంది.

"అవ్వా, ఆ కథ నేను తిరగేసి చదివినా. అది కుడిపక్క నుంచి చదవాల్సిన బుక్కంట. అందులో కుక్క లేవదు అవ్వా. కడాకు చచ్చిపోతది."

"అది నాకు మొదటి నాడే తెలుసులే," అంది అవ్వ, వలవడం ఆపకుండా.

"ఎట్ల?"

"మూతి చూస్తే తెలవదా? తెల్లమూతి ముందొచ్చె, పాలపండ్లు కడాకొచ్చె. కుక్క యాడన్నా చిన్నదైతాదంటే?"

"మరి చెప్పలేదేంది?"

"ఎం.ఏ. చదివినదానివి, అట్లగూడా చదువుతారేమో అనుకున్యా. మళ్ళ నువ్వు ఆ మారాజును పట్టుకుని తిడుతుంటే భలే నవ్వొచ్చె. కడదాకా సాకినోణ్ణి పట్టుకుని ఎన్ని మాటలంటివి!"

సిగ్గుతో నాకు చెవులు వేడెక్కాయి. "అయితే మనది గూడా..." అని ఆపేశాను.

"పద్నాలుగేండ్లు నా ఎంబడి తిరిగినాది. ఇంగ లేవదు. నువ్వు లేస్తదంటివని నేనూ అంటి." చాట పక్కకు నెట్టింది. "బుక్కు తెచ్చినావా? నీ పక్క నుంచే చదువు."

చదివాను. మెడపట్టీ. చాప మీద కుక్క. కళ్ళు తెరిచింది. నీళ్ళు నాకింది. అవ్వ చెయ్యి ఎర్ర కుక్క వీపు మీద ఉంది. బొమ్మలో కుక్క పరిగెత్తినప్పుడల్లా ఆ చెయ్యి మెడ నుంచి తోక దాకా పోయి వచ్చేది. వానలో పెట్టె దగ్గరికి వచ్చి నేను పుస్తకం మూయబోయాను.

"ఏమే, ఆపినావు? తిట్టవా?"

"వాడు మంచోడు అవ్వా."

"నాకు తెల్దా? అయినా తిట్టు."

తిట్టాను. వాడి గొడుగు గాలికి పోను, వాడి మెతుక్కి ఉప్పు పుట్టకపోను అని వెక్కుతూ, ముక్కు చీదుకుంటూ, వాడి ఏడు తరాలనూ తిట్టాను. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. ఒక చేత్తోనే పట్టుకుంది, రెండోది కుక్క మీంచి తీయలేదు.