పండగ లేదన్న ఇంటికి క్రిస్మస్ ప్రయాణం

"ఈ ఏడు మాకు పండగ లేదు పాపా, నువ్వు రావద్దు" అని మా పిన్ని ఫోన్లో చెప్పిన రోజే నేను స్కూల్లో సెలవు చీటీ రాసిచ్చాను. సుగుణమ్మ పిన్ని మా అమ్మకు చెల్లెలు. చిలకలూరిపేట దాటి నరసరావుపేట వైపు వెళ్తే, రోడ్డు దిగి లోపలికి పోవాల్సిన చిన్న ఊరు వాళ్లది. నా చిన్నప్పటి క్రిస్మస్‌లన్నీ అక్కడే గడిచాయి. ఒంగోల్లో టీచరుగా స్థిరపడ్డాక కూడా డిసెంబరు ఇరవై నాలుగున ఆ ఊరికి వెళ్లకుండా ఉన్నది లేదు. ఈ వేసవి చివర్లో, పత్తి విత్తనాలు వెయ్యకముందే, మా యాకోబు బాబాయి గుండెపోటుతో పోయాడు. మనిషి పోయిన ఇంట్లో ఏడాది దాకా పండగ చెయ్యరు. గుమ్మం మీద స్టార్ కట్టరు, కొత్త బట్టలు కొనరు, పిండివంటలకు బాణలి పెట్టరు. మా వాళ్లు చర్చికి వెళ్లడం మొదలుపెట్టి మూడు తరాలయినా ఈ పద్ధతి మాత్రం వదిలిపెట్టలేదు. పిన్ని ఒక్కగానొక్క కూతురు నెలలు నిండి, ఆసుపత్రికి దగ్గరని వినుకొండలో అత్తగారింట్లోనే ఉండిపోయింది. అంటే పిన్ని ఆ చీకటింట్లో ఒంటరిగా కూర్చుంటుందన్నమాట. నాకు అది తల్చుకుంటేనే అన్నం సహించలేదు.

అటువైపు వెళ్లాలనుకునేవాళ్ల కోసం దారి కూడా చెబుతాను. ఒంగోలు బస్టాండులో ఉదయం తొమ్మిదిన్నరకు గుంటూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఎక్స్‌ప్రెస్‌లో ఇప్పుడు ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అందుకే కూర్చోడానికి చోటు కూడా లేదు. చేతిలో అరిసెల డబ్బా, కాళ్ల దగ్గర జంతికల సంచి పెట్టుకుని అద్దంకి అడ్డరోడ్డు దాకా నిలబడే వెళ్లాను. అక్కడొక పెద్దావిడ దిగుతూ నాకు సీటు అప్పగించింది. పదకొండున్నరకల్లా చిలకలూరిపేట వచ్చేసింది. పత్తి లారీలు పోయే రోడ్డని అక్కడ ఎవరూ చెప్పక్కర్లేదు. రోడ్డు పక్క తుమ్మచెట్లన్నిటికీ దూది పట్టుకుని వేలాడుతూ ఉంటుంది.

షేర్ ఆటో మనిషికి ముప్పై రూపాయలు. ఆటో అతను నా డబ్బాలు చూసి "క్రిస్మస్‌కా అమ్మా? ఎవరింటికి?" అన్నాడు. యాకోబుగారింటికని చెప్పాను. అతను ఆటో వేగం తగ్గించాడు.

"డోలక్ యాకోబుగారేనా? మా ఊరు రెండు మైళ్లు అవతలండీ. ఇరవై నాలుగో తారీఖు గాలి ఇటు కొడితే ఆయన వాయింపు మాకు వినబడేది. మేం సాయిబులం. అయినా మా అమ్మ ఆ శబ్దం వినంగానే, అదిగో కిరస్తానోళ్ల పండగ వచ్చింది, చలి ముదిరిద్ది, దుప్పట్లు తియ్యండ్రా అనేది."

దారిపొడవునా పత్తి తీతలు జరుగుతున్నాయి. పాత చీరలు నడుముకు ఒడిలా కట్టుకుని ఆడవాళ్లు వంగి వంగి దూది ఏరుతున్నారు. ఆ పక్కనే మిరప తోటలు ఇంకా పచ్చగానే ఉన్నాయి, అక్కడక్కడ మాత్రం కాయ ఎర్రబడుతోంది. పొద్దుటి నుంచి చేలల్లో ఉన్న ఈ మనుషులే సాయంత్రం మొహాలు కడుక్కుని, ఇంటింటికీ పాటలు పాడుతూ తిరుగుతారు. ఆ తిరుగుడుకు ముందు నడిచేవాడు మా బాబాయి.

ఇక్కడ మా ఇంటి ఆచారమొకటి చెప్పాలి. క్యారల్స్ బృందం తన ఇంటి ముందుకు రాగానే బాబాయి పరాయివాడిలా నిలబడి, డోలక్ మీద ఒక దెబ్బ వేసి, "ఎవరండీ ఇంట్లో?" అని అరిచేవాడు. పిన్ని లోపలి నుంచి "ఎవరూ లేరు, పోండి" అనేది. "రాజు పుట్టాడండీ, టీ అన్నా ఇవ్వరా?" అని ఆయన. అప్పుడు పిన్ని తలుపు తీసి అందరికీ టీ పోసేది. పెళ్లయిన ఏడాది మొదలైన వేళాకోళమట అది. ఏటా అవే మాటలు, ఏటా అందరిదీ అదే నవ్వు. పెద్దయ్యాక నాకు కొంచెం విసుగ్గా కూడా ఉండేది. ఆ విసుగు కూడా ఒక భాగ్యమేనని ఈ ఏడు తెలిసింది.

నన్ను చూడగానే పిన్ని "రావద్దన్నాగా, నా మాట ఎవరింటారు?" అంది. అంటూనే సంచి అందుకుంది. పొయ్యి మీద పెద్ద గిన్నె నిండా పాలున్నాయి. ఒక్క మనిషికి అన్ని పాలెందుకని అడిగాను.

"పెరుగు తోడేద్దామని" అంది.

"ఊరందరికీ తోడేస్తావా ఏంటి?"

"నోరు మూసుకుని అన్నం తిను."

తింటుంటే అసలు సంగతి చెప్పింది. పోయిన ఆదివారం తనే పాస్టరుగారి దగ్గరకు వెళ్లి, క్యారల్స్‌వాళ్లను మా గుమ్మం ముందు ఆగొద్దని చెప్పిందట. ఆయన సరేనన్నారట. రేపు చర్చికి కూడా రానని చెప్పేసింది. "ఆ డోలక్ ఇంకొకరి చేతుల్లో మోగతా ఉంటే నేనాడ కూచోలేను పాపా" అంది. నేనేమీ వాదించలేదు. వాదిస్తే మా పిన్ని ఇంకా బిగుసుకుంటుంది.

దీపాలు పెట్టే వేళకు డోలక్ మొదలైంది. ముందు చర్చి దగ్గర, తర్వాత పై వీధిలో, తర్వాత మలుపులో. పిన్ని వంటింట్లో పాలు కలుపుతూనే ఉంది. నేను చూస్తుండగానే టీపొడి వేసింది. పెరుగు సంగతి నేను ఎత్తలేదు. పక్కింట్లో పాట అయిపోయింది. ఆ తర్వాత ఏ శబ్దమూ లేదు. కిటికీలోంచి చూస్తే, కర్రకు కట్టిన స్టార్‌లో లైటు ఆర్పేసి, ముప్పై మంది మనుషులు చెప్పుల చప్పుడు కూడా కాకుండా మా ఇల్లు దాటిపోతున్నారు. ముందు బాబాయి స్నేహితుడు సుందరరావు, డోలక్‌ను చంకలో పెట్టుకుని, దాని మీద తువ్వాలు కప్పాడు. పిన్ని ఎలా చెప్పిందో అలాగే చేశారు పాపం.

"వెళ్లిపోతున్నారే పాపా" అంది పిన్ని.

"నువ్వేగా వద్దన్నావు."

"అన్నాలే. అంటే మాత్రం, నిజంగానే పోతారా?"

గరిటె అక్కడే పడేసి గుమ్మంలోకి వెళ్లింది. "ఏం సుందరం, మా ఇల్లు కనబళ్లేదా? అంత మర్చిపోయారా మమ్మల్ని?" అని కేకేసింది. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. సుందరరావు వెనక్కి వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. పక్కనున్న పాస్టరుగారి వైపు చూశాడు, ఆయన తల దించుకున్నారు. చివరికి తువ్వాలు తీసి, డోలక్ మీద ఒకే ఒక్క దెబ్బ వేసి, "ఎవరండీ ఇంట్లో?" అన్నాడు.

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత "ఉన్నామయ్యా, ఉన్నాం. లోపలికి రండి" అంది.

నేను ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు. స్టార్‌లో లైటు మళ్లీ వెలిగించారు, మా గుమ్మం ముందే రెండు పాటలు పాడారు, పిన్ని వడకట్టిన టీ అందరికీ సరిపోయింది. మర్నాడు పొద్దున పాత చీరతోనే చర్చికి వచ్చి, ఆడవాళ్ల వైపు రెండో వరుసలో, ఎప్పుడూ కూర్చునే చోటే చాప మీద కూర్చుంది. డోలక్ మోగినంతసేపూ కళ్లు మూసుకుంది కానీ లేచి వెళ్లలేదు. ఆరాధన అయ్యాక ప్రేమ విందులో అన్నం, మాంసం కూర వడ్డించడానికి కూడా నిలబడింది.

తిరుగు బస్సులో నాకు దేవుడికి ఏమని కృతజ్ఞత చెప్పాలో తోచక చాలాసేపు పొలాలకేసి చూస్తూ కూర్చున్నాను. వద్దన్న మాటను గౌరవించి లైటు ఆర్పుకుని నడిచిన ఆ ముప్పై మందికి, ఆ మాట తానే వెనక్కి తీసుకున్న పిన్నికి, ఏటా ఒకే వేళాకోళం ఆడి మాకు "ఎవరండీ ఇంట్లో?" అన్న ప్రశ్నను అట్టిపెట్టి వెళ్లిన బాబాయికి, అందరికీ నేను రుణపడే ఉన్నాను. పండగ లేకపోవడమంటే బాణలి పెట్టకపోవడం, స్టార్ కట్టకపోవడం. ఆ రెండూ మేం పాటించాం. మనుషులు గుమ్మం దాకా రాకపోవడం మాత్రం అందులో లేదని మా పిన్ని తేల్చేసింది.

చివరగా వెళ్లేవాళ్లకొక మాట. ఇరవై నాలుగో తారీఖు మధ్యాహ్నం దాటితే ఆ పల్లెల్లో పాలు దొరకవు, చిలకలూరిపేటలోనే ప్యాకెట్లు కొనుక్కోండి. ఈ ఏడు మాకు పండగ లేదు, రావద్దు అన్న ఇంటికి వెళ్తుంటే ఇంకో రెండు ఎక్కువ తీసుకోండి.