మూడు రోజుల కిందటి పేపరు

మా కాంపౌండరన్న పోయాడు. శనివారం పొద్దున ఏడు గంటలకు, చేతిలో మైసూరుపాకు పొట్లంతో నేను ఆయన వీధి మలుపు తిరుగుతుంటే, ఎదురొచ్చిన పాలాయన సైకిలు దిగి చెప్పాడు.

"యాడికి పోతాండావప్పా? కాంపౌండరు సారు నిద్రలోనే పోయినాడంట. వాళ్ళింటికాడ జనం చేరినారు."

నేను అక్కడే నిలబడిపోయాను. ఆ పొట్లం ఆయన కోసం కట్టించిందే. నా కూతురి ఒంట్లో రోగం పూర్తిగా పోయిందని డాక్టర్లు రాసిచ్చిన కాగితం ఫోనులో ఉంది. దాన్ని నేను మొట్టమొదట చూపించాల్సిన మనిషి ఆయనే. ఆ సంతోషం మూడు రోజులుగా నా కడుపులోనే ఉంది. బయట పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే, అది ఆయన నేర్పిన పద్ధతి.

నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. ముప్పై ఏళ్ళు మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి లారీ తోలి, ఒళ్ళు మొరాయించాక బద్వేలులో స్థిరపడ్డాను. పక్క వీధిలో ఆయన ఇల్లు. గవర్నమెంటు ఆసుపత్రిలో మందులిచ్చి రిటైరైన మనిషి. ఆదివారం చర్చికి తప్ప తెల్ల చొక్కా వేసేవాడు కాదు. ఇంటి ముందు నాపరాయి అరుగు, దాని మీద మడత నలగని పేపర్లు మూడు, వాటి మీద బరువుగా ఒక తెల్లరాయి. ఆ రాయి నేనిచ్చిందే, మంగంపేట ముగ్గురాయి. చూడ్డానికి పిడికెడే గానీ ఎత్తితే చెయ్యి కిందికి లాగుతుంది. "ఇంత బరువు ఎట్ల దాచుకున్యాదప్పా ఈ రాయి!" అని ఎత్తినప్పుడల్లా ఆశ్చర్యపోయేవాడు.

అయ్యలారా, నేను చెప్పేది ఆ పేపర్ల సంగతే. ఆయన ఏ రోజు పేపరూ ఆ రోజు చదివేవాడు కాదు. పొద్దున పేపరు వచ్చి పడగానే, మొహం పక్కకు తిప్పుకుని, దాన్ని దొంతిలో అడుగున పెట్టేవాడు. పైనున్న పేపరు తీసి చదివేవాడు. అంటే ఎప్పుడూ మూడు రోజుల కిందటిది. శుక్రవారం కూర్చుంటే చేతిలో మంగళవారం పేపరు. నేను మొదటిసారి చూసి, ముసలాయనకు మతి తప్పిందనుకున్నాను.

"అన్నా, అది పాతది. తాజాది అడుగున ఉండాది."

"తెలుసులేప్పా. సీసాలో మందు కలిపినాక తేటపడేదాకా పెడ్తాం. కలిపిన చేత్తోనే తాపుతామా?"

"వార్తకూ మందుకూ ఏం సంబంధం అన్నా?"

"రెండూ నోట్లో పోసుకునేవే కదా."

మూడు రోజులు ఆగితే అబద్ధాలు వాటంతటవే రాలిపోతాయని ఆయన లెక్క. సోమవారం పెద్దక్షరాల్లో వచ్చిందానికి బుధవారం ఏ మూలనో చిన్నక్షరాల్లో సవరణ వస్తుంది. ఆ సవరణ కోసం కింది మూలలన్నీ భూతద్దం పెట్టి వెతికేవాడు. దొరికితే, మొన్నటి వార్త నమ్మి వీధంతా చాటినవాణ్ణి, అంటే నన్నే, పిలిచి చూపించేవాడు.

నా గుణం ఏమంటే, మంచి మాట చెవిన పడితే నేను నిలవలేను. అందరికీ చెప్పాలి, పంచాలి. ఒకసారి నాయకుడొకాయన మా చెరువుకు కాలవ నీళ్ళు తెస్తానన్నాడని పేపర్లో పడింది. నేను బూందీ చేయించి వీధిలో పంచాను. మూడో రోజు అన్న పిలిచాడు. వేలు పెట్టి చదివించాడు.

"ఈడ ఏముండాది చదువు."

"పరిశీలిస్తామన్నారు అన్నా."

"నీళ్ళు వస్తాయని యాడుంది? నువ్వు పరిశీలనకు బూందీ పంచినావప్పా!"

వీధివాళ్ళు నెల రోజులు నన్ను పరిశీలన అనే పిలిచారు. నీళ్ళు ఇప్పటికీ రాలేదు.

సైన్సు వార్తలంటే ఆయనకు ప్రాణం. షుగరుకు మందు దొరికింది, మోకాళ్ళకు మందు దొరికింది అని నేను ఆయాసపడుతూ పోతే, మూడో రోజు ఆ వార్త చివరి వరుస దాకా చదివేవాడు. అక్కడ ఎలుకల మీద ప్రయోగం అని ఉండేది. "ఎలకలకు శానా మంచికాలం వచ్చింది తమ్ముడా. వాటికి తగ్గని రోగమంటూ లేదు," అనేవాడు. ఎగతాళి కాదండీ, వెంటనే తగ్గి చెప్పేవాడు: "మనదాకా రావాలంటే పది పదైదేండ్లు పడ్తాది. వస్తే రానీ, మంచిదే. అంతదాకా నీ మాత్ర నువ్వు మింగు."

చంద్రుడి మీద మనవాళ్ళు దిగిన సాయంత్రం బజారంతా టపాకాయలు. నేను పరిగెత్తి పోయి, అన్నా, ఈ ఒక్కదానికైనా రా, టీవీ చూద్దువు అన్నాను. "దిగినాదా? సంతోషం. మూడు రోజులకు గూడా ఆడనే ఉంటాది కదా, యాడికి పోతాది?" అని కదల్లేదు. మూడో రోజు పేపరు తీసి, ఆ బొమ్మను అరగంట చూసి, కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కడే, తీరిగ్గా, అందరి పండుగా అయిపోయాక.

ఎలక్షన్లప్పుడైతే ఆ అరుగు దగ్గర తమాషాయే వేరు. ఒక చోటా నాయకుడు కొత్త కండువాతో ఓటు అడగడానికి వచ్చాడు. అన్న చేతిలోని పేపర్లో ఆయనదే బొమ్మ, పాత కండువాతో. అన్న బొమ్మ చూసి, మనిషిని చూసి, ఎంతో మర్యాదగా అన్నాడు: "నా పేపర్లో నువ్వు ఇంకా ఆ పార్టీలోనే ఉండావప్పా. మూడు రోజులాగి రా." వెంట వచ్చినవాళ్ళే నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నాయకుడూ నవ్వి, నీళ్ళు తాగి పోయాడు. కోపం తెప్పించకుండా నిజం చెప్పే చెయ్యి అది. సూది వేసినా నొప్పి తెలియకుండా వేసేవాడని ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

కరోనా సూది వేయించుకోనని నేను మొండికేసినప్పుడు కూడా అంతే. ఫోనులో ఎవరో పంపిన భయాలన్నీ ఆయనకు చదివి వినిపించాను. అంతా విన్నాడు. "ముప్పై ఏండ్లు ముగ్గురాయి దుమ్ము మింగినావు. ఎవురినన్నా అడిగి మింగినావా? సూదికి మాత్రం జాతకం అడుగుతాండావే!" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

ఇక నా కూతురి సంగతి. నా ఒక్కగానొక్క కూతుర్ని కోయిలకుంట్లలో ఇచ్చాను. రెండేళ్ళ కిందట మా ఇంటికి వచ్చినప్పుడు, రొమ్ములో గడ్డ ఉందని వాళ్ళమ్మతో చెప్పింది. ఫోనులో ఒకాయన, ఫలానా ఆకు పసరు నలభై రోజులు తాగితే ఎంతటి గడ్డయినా కరిగిపోతుందని చెప్పే వీడియో దొరికింది. దేవుడే పంపాడనుకున్నాను. కొండ కిందికి పోయి మోపెడు ఆకు కోసుకొచ్చాను. వస్తూ వస్తూ అన్నకు చూపిద్దామని అరుగు దగ్గర ఆగాను.

"ఎవురికప్పా ఈ ఆకు?"

చెప్పలేక చెప్పలేక చెప్పాను. ఆయన లేచిన లేవడానికి ఒళ్ళోని పేపరు కింద పడింది.

"పాప యాడుండాది?"

"ఇంట్లోనే ఉండాది. నువ్వే అంటావు కదన్నా, మూడు రోజులు చూద్దామని..."

"అది పేపరుకురా! ఒంటికి కాదు! లెయ్, బస్సుకు పోదాం!"

నన్ను 'రా' అని ఆయన అనడం అదే మొదలు, అదే ఆఖరు. లుంగీ మీదనే మాతో బస్సెక్కాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో ఏ గదికి పోవాలో, ఎవర్ని ఏమడగాలో అన్నీ ఆయనే చూశాడు. చేతికి తగిలించుకున్న గుడ్డసంచిలో నా ఆకు కొంత కూడా తెచ్చాడు. ఎందుకన్నా అంటే, "డాక్టరమ్మకు చూపిద్దాం. తాగకముందే వచ్చినామని తెలిస్తే ఆయమ్మ నిన్ను తిట్టదులే," అన్నాడు. గడ్డ మంచిది కాదని తేలింది. కానీ తొందరగా వచ్చారు అని డాక్టరమ్మ అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. ఆ రోజు ఆయన రాయి పెట్టడం మరిచిపోయాడు. పేపర్లు వీధంతా ఎగిరాయని, ఏ రోజుది ఏదో తెలియక తడబడ్డానని అన్న భార్య, మా వదిన, తర్వాత చెప్పింది.

ఆపరేషను, మందులు, జుట్టు రాలడం, మళ్ళీ మొలవడం అన్నీ అయ్యాయి. పోయిన మంగళవారం సాయంత్రం నా బిడ్డ ఫోను చేసింది. "నాయినా, స్కానింగులో ఏమీ లేదంట! రాసిన కాగితం శుక్రవారం ఇస్తారంట!" నేను పెరట్లోకి పోయి ఆవు మెడ పట్టుకుని ఏడ్చాను. అంత సంతోషం ఈ ఒంటికి పట్టదని అప్పుడే తెలిసింది.

"ముందు పోయి అన్నకు చెప్పు," అని మా ఇంటావిడ తరిమింది. చెప్పులేసుకున్నాను కూడా. గడప దాటబోతూ బూందీ గుర్తొచ్చింది. నోటిమాట తీసుకుని పోతే, కాగితం యాడప్పా అంటాడేమో. ఈసారి మాత్రం ఆయన మెచ్చేటట్టు చెప్పాలి. రాసిన కాగితం పట్టుకుని, తేటపడ్డ వార్తను తీసుకుపోయి ముందు పెట్టాలి. చెప్పులు విడిచేశాను.

బుధవారం, గురువారం, శుక్రవారం ఆ అరుగు మీద ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన చదివాడు, నేను విన్నాను. నోరు తెరిస్తే పడిపోతుందని పెదాలు బిగబట్టాను. శుక్రవారం చీకటి పడ్డాక అల్లుడు కాగితం ఫోటో పంపాడు. పొద్దున్నే పోదాంలే అనుకున్నాను.

ఆదివారం చర్చి పక్కన మట్టి చేశాం. నేనూ పిడికెడు మట్టి వేశాను. ఇంటికొచ్చాక వదిన అరుగు మీద కూర్చుని, అడక్కుండానే ఒక మాట చెప్పింది. ఇన్నేళ్ళలో ఆయన చెప్పని మాట.

"ఆయన వయసులో ఉండంగా బస్సు బోల్తా పడి శానామంది పోయినారంట. పేపర్లో వాళ్ళ తమ్ముని పేరు గూడా పడింది. అది చూసి వాళ్ళమ్మ పడిపోయింది, మళ్ళీ లెయ్యలా. మూడో రోజు తమ్ముడు బ్యాగు తగిలించుకుని నడుచుకుంటా వచ్చినాడు. పేరొకటే, మనిషి వేరు. ఆ పొద్దే పేపర్లో సవరణ పడిందంట, ఇంత ముక్క. అప్పటి నుంచే ఈ పద్ధతి."

నేను తట్టుకోలేక ఆమెకు నా సంగతంతా చెప్పేశాను. మూడు రోజులు దాచి పాపం చేశాను వదినా అన్నాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని నా వైపు చూసింది.

"శుక్రవారం అన్నం తింటా ఆయనన్నాడు. ముగ్గురాయి తమ్ముడు ఏందో దాచిపెట్టినాడు, మూడు దినాలుగా నవ్వు ఆపుకోలేక సస్తాండాడు, పాప సంగతే అయింటాది అని. అడగరాదా అంటే, వద్దులే, తేటపడనీ, వాడే చెప్తాడు అన్నాడు."

ఆ మాట విని సంతోషించాలో, తల బాదుకోవాలో నాకిప్పటికీ తెలియడం లేదు. ఆయన నా కోసం ఆగాడు. నేను ఆయన కోసం ఆగాను.

రాయి కింద ఆయన చదవని పేపర్లు మూడు మిగిలాయి: బుధవారం, గురువారం, శుక్రవారం. నా బిడ్డ బాగయిందని నాకు తెలిసి, ఆయనకు తెలియని మూడు రోజులు. వదినను అడిగి, సోమవారం నుంచి రోజుకొకటి ఆ అరుగు మీదనే కూర్చుని పైకి చదివాను. నా చదువు నత్తి నత్తిగా ఉంటుంది. తప్పు చదివితే దిద్దేవాళ్ళు లేరు. ఎలుకలకు ఇంకో మందు దొరికిందట. నవ్వు వచ్చి పక్కకు తిరిగితే ఖాళీ బండ. శుక్రవారం పేపరు అయిపోయాక, ఫోను తీసి నా కూతురి కాగితం కూడా మొదటి వరుస నుంచి సంతకం దాకా చదివాను. అందులో ఎక్కడా పరిశీలిస్తాం అని లేదన్నా, చూసుకో అన్నాను.

ఇప్పుడు ఏ వార్త విన్నా కాళ్ళు ఆ వీధివైపే తిరుగుతాయి. టీవీలో నలుగురు ఒక్కసారే అరుస్తుంటారు. ఫోను నిండా ఆకులు, పసర్లు, శపథాలు. నాతో కూర్చుని, నిదానించు తమ్ముడా అనేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. నా బిడ్డ బాగుంది! ఈ మాట ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరదు. ఊళ్ళో అందరికీ చెప్పాను, అందరూ సంతోషించారు. కానీ కాగితం యాడప్పా అని ఒక్కరూ అడగలేదు.

ఆయన పోయిన వార్త, చర్చివాళ్ళు ఇచ్చింది, ఆదివారం పేపర్లో పడింది. చిన్న ఫోటో, నాలుగు వరుసలు అని చూసినవాళ్ళు చెప్పారు. బుధవారానికి మూడో రోజు. ఆ పొద్దు పేపరు రాగానే నేను భూతద్దం తీసుకుని కింది మూలలన్నీ వెతికాను. ప్రతి పేజీ, వెనక్కీ ముందుకీ, చిన్నక్షరాల ముక్క ఒక్కటి కూడా వదల్లేదు. సవరణ ఏమీ వేయలేదు.

ఆదివారం పేపరు మాత్రం నేను చదవలేదు. మడత విప్పకుండా అరుగు మీదనే ఉంది. గాలి గట్టిగా తోలినప్పుడు దాని అంచు ఒక్కటే పైకి లేచి మళ్ళీ పడుతుంది. మిగతాదంతా ఆ తెల్లరాయి పట్టుకుని ఉంది.