దానియేలు ఎడమకన్ను

నిడదవోలు దానియేలు ఎడమకన్ను మూశాడంటే ఎదురుగా ఉన్న కర్రకి గండమే. పూల్ ఆటలో బంతుల గుంపుని చెదరగొట్టే బరువైన బ్రేక్ క్యూ, అడ్డొచ్చిన బంతి మీంచి తెల్లబంతిని ఎగిరించే పొట్టి జంప్ క్యూ, ఈ రెండు రకాల కర్రలే ఆయన చేసేది. లేత్ మీద ఒక పొర తీసి, కర్ర కుదురుకోవడానికి నెల్లాళ్లు వేలాడదీస్తాడు, ఆనక ఇంకో పొర. ప్రతిసారీ ఎత్తి పట్టుకుని, నాలుక పంటికింద నొక్కి, ఒంటికన్నుతో ఈ చివర నుంచి ఆ చివరికి చూస్తాడు. అలవాటు ముదిరి అప్పడాల కర్రనీ, పాస్టరుగారి గొడుగునీ కూడా వదలడు. పెళ్లిచూపుల్లో తననీ అలాగే చూశాడని భార్య రెబెక్కా ఇప్పటికీ దెప్పుతుంది.

మొన్న భీమవరం నుంచి రొయ్యల చెరువుల వర్మగారు ఫోన్ చేసి, "ఏంటండీ, వంకర కర్ర అంటగట్టారు? బంతి లేవట్లేదు, క్లబ్బులో అందరూ నవ్వుతున్నారు" అన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట అన్నవాడు లేడు. దానియేలుకి అన్నం సయించలేదు. పొద్దున్నే రైలెక్కి క్లబ్బుకి వెళ్లి, జంప్ క్యూని బల్లమీద దొర్లించాడు. సాఫీగా దొర్లింది. "ఒకసారి కొట్టండి" అన్నాడు. వర్మగారు కొట్టారు, బంతి లేవలేదు. "మళ్లీ అండి" అంటూ దానియేలు ఆయన వెనక చేరి, ఎడమకన్ను మూశాడు.

"కర్ర తిన్నగానే ఉందండి. మీ మోచెయ్యే కొంచెం బయటికి పోతోంది" అన్నాడు ఎంతో వినయంగా. "దానికి చిత్రిక పట్టడం నాకు రాదండి."