వైనో పారేసిన ముక్కలు

వైనో పెల్కొనెన్ పేకాడుతున్నప్పుడు అతని చేతిలో ఏ ముక్కలున్నాయో కళ్ళారా చూసిన మనిషి మా ఊళ్ళో ఒక్కరూ లేరు. ఆవిరిస్నానాల సౌనాలో సగం ఊరు అతని ఒళ్ళు చూసింది, ముక్కలు మాత్రం ఎవరూ చూడలేదు. ఆఖరి పందెం అయిపోయి, ఎవరి ముక్కలు వాళ్ళు తిప్పి చూపించే వేళ వచ్చిందా, ముందు ఎదుటివాళ్ళవి చూస్తాడు. తర్వాత తనవి ముక్కుకి ఆనించుకుని చూసుకుంటాడు. ఆ తర్వాత కొంప మునిగినట్టు ఒక నిట్టూర్పు విడిచి, "నీదే. తీసుకో," అని తన ముక్కలు బోర్లా తోసి పారేసిన ముక్కల కుప్పలో కలిపేస్తాడు.

ఓడినవాడు ముక్కలు చూపించనక్కర్లేదు. బోర్లా పారేసినవాటిని తిరగేసి చూడటమంటే మా దగ్గర పక్కవాడి జేబులో చెయ్యి పెట్టినట్టే. అందుకని ఎవరం ముట్టుకునేవాళ్ళం కాదు. అయినా చూడాల్సిన పనేముంది? ఓడిపోయానని అతనే మొత్తుకుంటుంటే!

ఓటమికి కారణం ముక్కలని ఒప్పుకునేవాడు కాదు. మధ్యాహ్నం నేను చేసిపెట్టిన, మాంసం, దుంపలు కూరిన పేస్టీలో రుటబాగా దుంప తక్కువైందట.

"రుటబాగా తక్కువైతే నా బుర్ర పనిచెయ్యదు ఐలీ."

"పోయిన వారం నిండుగా పెట్టానుగా, మరి అప్పుడేమైంది?"

"అప్పుడు ఎక్కువైంది."

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం చెప్పండి.

గురువారం మధ్యాహ్నాలు కోఆపరేటివ్ స్టోరు వెనక గదిలో ఆడేవాళ్ళం. మేం నలుగురమే. వైనో సుపీరియర్ సరస్సు మీద తిరిగే పడవల ఇంజన్లు బాగుచేసి చేసి రిటైరైనవాడు. హార్లన్ పెన్‌హేల్ హైస్కూలు హాకీ జట్టుకు కోచ్. మా వదిన వర్నా, అంటే పోయిన మా అన్నయ్య భార్య, ఆ స్టోరులోనే గల్లాపెట్టె దగ్గర పనిచేసేది. ఇక నేను స్కూలు బస్సు నడిపినదాన్ని. మంచు మలుపుల్లో బస్సునిండా పిల్లల్ని వేసుకుని వాళ్ళ గోల మీదుగా అరిచిన గొంతు కనక, నా నోరు కాస్త పెద్దదే. కాస్త అని నేనంటాను. మిగతావాళ్ళు ఆ మాట అనరు.

వైనోకి ఇంకో రోగం ఉండేది. ముక్కలు పంచుతూ పంచుతూ ఆపేసి, ఒక్కొక్కరి ముఖంలోకి తేరిపార చూసేవాడు. "వర్నా, రాత్రి నిద్రపోలేదా?" "హార్లన్, మోకాలు మళ్ళీ సలుపుతోందా?"

"పంచుతావా, నాడి చూస్తావా?" అని హార్లన్ కసిరేవాడు.

హార్లన్‌కి తాను మా నలుగురిలో మొనగాణ్ణని గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఒకసారి వైనోకి పోకర్ నేర్పడానికి పూనుకున్నాడు. కాగితపు రుమాలు మీద గీతలు గీశాడు, హాకీ పిల్లలకు చెప్పినట్టు ఈల కూడా వేశాడు. "చూడు, ఎదుటివాడి ముఖం చదవాలి. కన్ను చెబుతుంది, పెదవి చెబుతుంది. అది పట్టుకుంటే వాడి డబ్బు నీదే." వైనో నోరు తెరుచుకుని అంతా విని, చివర్లో, "ఎంత బాగా చెప్పావు హార్లన్! నువ్వు పాఠం చెబుతుంటే నీ మోకాలు నొప్పి నీకే గుర్తు లేదు చూశావా?" అన్నాడు. ఆ తర్వాతి ఆటలోనే హార్లన్‌కి పెద్ద పందెం పోగు అప్పజెప్పి నిట్టూర్చాడు.

"వీడికి నేర్పడం కంటే ఎలుగుబంటికి స్కేటింగ్ నేర్పడం తేలిక," అని బిళ్ళలు దగ్గరకు లాక్కుంటూ హార్లన్ మురిసిపోయాడు. ఆ వారమే అతని జట్టు మా పక్క ఊరి చేతిలో చిత్తుగా ఓడింది. ఆ రెంటికీ ముడి ఉందని మాకెవరికీ అప్పుడు తట్టలేదు.

ఇలా సాగుతుండగా ఆ జనవరిలో మంచు పేరుకుని పేరుకుని స్టోరు వెనక గది కప్పు కూలిపోయింది. దేవుడి దయవల్ల అది బుధవారం, లోపల ఎవరూ లేరు. బల్ల మాత్రం నుజ్జయింది. కప్పు మళ్ళీ వెయ్యడానికి స్టోరువాళ్ళకు స్తోమత లేదు. మా ఇళ్ళన్నీ ఇరుకే. బారులో కూర్చుందామంటే అక్కడి పాటల హోరుకి వదినకు తలనొప్పి.

అప్పుడు హార్లన్ ఒక ఉపాయం చెప్పాడు. డబ్బు పెట్టి పోకర్ ఆడుకునే సైటు ఉంది, చట్టబద్ధమైనదే, అందులో మనకు మాత్రమే తెరుచుకునే బల్ల ఒకటి పెట్టుకుందాం, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఆడుకుందాం.

"ప్రతి పోగులోంచీ సైటువాడు చిటికెడు నొక్కేస్తాడట కదా?" అంది వదిన. "వాడేమైనా కాఫీ పోస్తాడా మనకి?"

"ముఖాలు కనిపిస్తాయా?" అని అడిగాడు వైనో.

"ముఖాలెందుకోయ్? నీకు చూపించినా ఒకటే, చూపించకపోయినా ఒకటే."

సరే, మొదలుపెట్టాం. అబద్ధమెందుకు, మొదటి గురువారమే నాకు ఏడుపొచ్చింది. తెర మీద పచ్చటి బల్ల, దాని చుట్టూ నాలుగు గుండ్రటి బొమ్మలు. ముక్కలు వాటంతటవే పంచుకుంటాయి. బిళ్ళలు టిక్కుమంటాయి, కానీ అది బిళ్ళల చప్పుడు కాదు, ఎవడో రికార్డు చేసి పెట్టిన చప్పుడు. హీటరు మీద ఆరేసిన ఉన్ని మేజోళ్ళ వాసన లేదు. ఎవరూ ఎవరి కాఫీ కప్పూ తన్నడం లేదు. ఆడుతూ ఫోన్లో మాట్లాడుకోవడం సైటు నిబంధనలకు విరుద్ధమని హార్లన్ అదీ వద్దన్నాడు. నేను గెలిచి గట్టిగా కేకపెడితే మా గోడ విన్నది.

వైనో అవస్థ వేరు. ఆ తెర అడుగున మాటలు టైపు చేసుకునే చోటొకటి ఉంది. ఒంటివేలితో 'వర్నా నీ నడుం ఎ' అని కొట్టేసరికి అతని వంతు గడువు దాటిపోయేది, యంత్రం అతని ముక్కలు లాగేసుకునేది. 'లా ఉంది' అన్నది రెండాటల తర్వాత వచ్చేది.

అంతవరకూ నవ్వుకున్నాం. ఆ తర్వాతే అసలు వింత. వైనో గెలవడం మొదలుపెట్టాడు. ఒక ఆట కాదు, ఒక రోజు కాదు, వరసగా! గడువు దాటని ప్రతిసారీ పోగు అతనిదే. ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గాలో పుట్టుకతోనే తెలిసినవాడిలా ఆడుతున్నాడు. ఫిబ్రవరి దాటేసరికి హార్లన్ పెట్టిన డబ్బంతా ఊడ్చుకుపోయింది.

అతను మంచులో నడుచుకుంటూ వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. "ఐలీ, వాడు ఆడటం లేదు. వాడి బదులు ఏదో కంప్యూటర్ ప్రోగ్రాం ఆడుతోంది. దొంగాట!"

"వైనోయా? వాడికి వాడి ఫోన్లో గంట ఆపడమే రాదు."

"ముప్పై ఏళ్ళుగా ఒక్క మంచి ముక్క పట్టుకోనివాడు రాత్రికి రాత్రి ఆరితేరాడా? ఆదివారం వెళ్దాం. పక్కన నిలబడి చూద్దాం. రుజువైతే ఇక వాడికి మన బల్ల దగ్గర చోటు లేదు."

"బల్లెక్కడుందయ్యా ఇప్పుడు?" అంది వదిన, వంటింట్లోంచి.

ఆమె నవ్వులాటకే అంది కానీ, అదే నిజం. గది పోయింది, బల్ల పోయింది. ఇక వైనో కూడా పోతే ఆ గురువారాలు మళ్ళీ తిరిగి రావు. దొంగైనా సరే నాకు వాడు కావాలనిపించింది.

ఆదివారం చర్చి అయ్యాక వదిన కారులో ముగ్గురం వెళ్ళాం. తలుపు తీసిన వైనో మమ్మల్ని చూసి వెలిగిపోయాడు. "వచ్చారా! ముగ్గురూ వచ్చారా!" అని కుర్చీలు జరిపాడు, యాలకుల రొట్టె కోశాడు, కూజా నిండా కాఫీ తెచ్చాడు. "గురువారం గురువారం నలుగురికీ కాస్తూనే ఉన్నాను. చెయ్యి అలవాటు. మీరు రారు కదా, పారబొయ్యలేక నేనే తాగుతున్నాను. గుండె దడదడలాడి చస్తున్నా."

హార్లన్ కరగలేదు. "కాఫీ తర్వాత. నీ టాబ్లెట్ తీసి ఆడు. ఐలీ తన ఫోన్లో నీతో ఆడుతుంది. నేను నీ వెనక నిలబడతాను."

వైనో టాబ్లెట్‌ని పిండిడబ్బాకి ఆనించాడు. ఆట మొదలైంది. బల్లకు ఆ పక్కన అతను, ఈ పక్కన నేను. చాలా రోజుల తర్వాత మళ్ళీ నా ముఖంలోకి తేరిపార చూశాడు. నాకు రాజుల జత వచ్చింది. పెంచాను. అతనూ కలిపాడు. ఇంకా పెంచాను. మళ్ళీ కలిపాడు. ఆఖరి పందెం కూడా అయింది, ముందు నా రాజులు తెర మీద తెరుచుకున్నాయి.

వైనో వాటిని చూశాడు. ముక్కు తెరకి ఆనించి తనవి చూసుకున్నాడు. కొంప మునిగినట్టు నిట్టూర్చాడు. "నీదే ఐలీ. తీసుకో," అంటూ తెర మీద అరచెయ్యి ఆనించి ముక్కల్ని పక్కకు తోశాడు.

యంత్రానికేం తెలుసు! అతని రెండు ఆసుల్నీ ఠపీమని తెరిచి, పోగంతా అతని వైపు దొర్లించింది.

"కాదు! ఆమెది! ఒసే, ఆమెదే!" అని వైనో తెర మీద టపటపా కొడుతున్నాడు. పిండిడబ్బా పడింది, టాబ్లెట్ పడింది, కాఫీ ఒలికింది. హార్లన్ అక్కడే కుర్చీలో కూలబడ్డాడు.

"వైనో," అన్నాడు మెల్లగా. "నీ చేతిలో ఆసులున్నాయి. ఆమెదే అన్నావు."

"సరిగా కనబడలేదు."

"మా జట్టు ఓడిన వారం? ఆ పెద్ద పోగు?"

"నాకేం గుర్తు? రుటబాగా తక్కువై ఉంటుంది."

వదిన పకపకా నవ్వింది. హార్లన్ నవ్వలేదు, పాపం, తన మొనగాడితనాన్ని ఏ ఆటకా ఆట లెక్క తీసేసుకుంటున్నాడు. నాకైతే ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళూ మాకు ముష్టి వేశావా? మరి ఇందులో ఎందుకు వెయ్యలేదు?"

"ఇందులో మీ ముఖాలేవీ? నాలుగు బొమ్మలు పెట్టాడు. ఏ వారం ఎవరికి గెలుపు కావాలో నాకెలా తెలుస్తుంది? ముందే ముక్కలు పడేద్దామంటే పోగు చిన్నదైపోతుంది, గెలిచినట్టే ఉండదు. ఏం చెయ్యాలో తోచక మామూలుగా ఆడేశాను."

"నాకివాళ గెలుపు కావాలని నీకెవరు చెప్పారు?"

"నువ్వు వర్నా కారులో వచ్చావు," అన్నాడు వైనో. "ఇంకొకరు స్టీరింగ్ పట్టుకుంటే నోరు మూసుకుని కూర్చునే మనిషివా నువ్వు? లోపలికొచ్చాక కూడా ఒక్క తిట్టు తిట్టలేదు."

నా కళ్ళు సరిగా కనబడటం లేదు, ఇక బండి నడపొద్దని డాక్టరు చెప్పి అప్పటికి వారమైంది. వదినకు కూడా చెప్పలేదు. కారు చెడిపోయిందని అబద్ధమాడి ఆమె బండెక్కాను.

"నాకు ఎవరి జాలీ అక్కర్లేదు," అన్నాను.

"జాలేంటి? గెలిచిన రోజు నువ్వు అందర్నీ ఎంచక్కా తిడతావు. బాధలో ఉంటే నోరెత్తవు. ఇంట్లో ఇంజను ఆగిపోయినట్టుంటుంది. నేను భరించలేను ఐలీ." నిజంగా నా మీద ఫిర్యాదు చేస్తున్నట్టే చెప్పాడు.

వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. ఒలికిన కాఫీ హార్లన్ తుడిచాడు. ఆ మనిషి గుడ్డ పట్టుకోవడం నేను అదే చూడటం.

మర్నాడే బండి అమ్మకానికి పెట్టాను. బండి వెళ్ళిపోయాక మా షెడ్డు బోసిపోయి కనిపించింది. రెండు రోజులు దాని వైపు చూడలేకపోయాను. మూడో రోజు ముగ్గురికీ ఫోన్ చేశాను. హార్లన్ పాత తలుపు తెచ్చి పీపాల మీద పడుకోబెట్టాడు. వదిన దాని మీద దుప్పటి పరిచింది. వైనో హీటరు బాగుచేశాడు. సైటులో మిగిలిన డబ్బు తీసుకుని అక్కడి బల్ల మూసేశాం.

గురువారం వచ్చింది. వైనో ముక్కలు పంచుతూ ఆగి తల ఎత్తాడు. ఎత్తి చూస్తే ఏముంది! వదిన రెండు చేతులా నడుం పట్టుకుని మూలుగుతోంది. హార్లన్ మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఉన్న కుక్క చచ్చిపోయినట్టు ముఖం పెట్టాడు. నేను ఊరుకున్నానా? రుమాలు కళ్ళకద్దుకున్నాను.

వైనో ఒక్కొక్కరినీ తీరిగ్గా చూశాడు. వదినను రెండుసార్లు చూశాడు. "ముగ్గురూ దుక్కల్లా ఉన్నారు," అని తేల్చి ఆటలోకి దిగాడు. సాయంత్రం పేస్టీలు వేడిచేసే వేళకు మా ముగ్గురి బిళ్ళలూ అతని ముందు గుట్టపడ్డాయి. అన్నిసార్లూ ముక్కలు వెల్లకిలా పరిచి, ఇంత వెడల్పున నవ్వి మరీ తీసుకున్నాడు.

హార్లన్ తిట్టాడు. వదిన తిట్టింది. ఉన్నదంతా పోగొట్టుకున్న నేను, వీధి చివరికి వినబడేలా, వాళ్ళిద్దరి కంటే గట్టిగా తిట్టాను.